ట్రొమ్సోలో నార్తర్న్ లైట్స్‌కి చిన్న గ్రూప్ టూర్ తీసుకోవాలా, పెద్ద బస్సు సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఫిబ్రవరి మధ్యలో ఉత్తర నార్వేలోని ట్రొమ్సోలో నాలుగు రాత్రులు ఉంటారు, మీతో మీ ఆవిడ, అరవై దాటిన అమ్మగారు, ఎనిమిదేళ్ల పాప వస్తున్నారు. ఎనిమిది మందిని తీసుకెళ్లే వ్యాన్ టూర్‌కి పెద్ద బస్సు కంటే దాదాపు రెండింతలు అడుగుతున్నారు, అంత పెట్టడం అవసరమా అని ఒకటి. ఆ వారానికి అరోరా (నార్తర్న్ లైట్స్) అంచనాల్లో వాడే కేపీ అంకె 2 అని మాత్రమే చూపిస్తోంది కాబట్టి అసలు ఏమైనా కనిపిస్తుందా అని రెండోది. నేను ట్రొమ్సో ప్రాంతంలోనే ఉంటూ చలికాలంలో ఇలాంటి వ్యాన్లలో గైడ్‌గా పనిచేస్తున్నాను. మీలాంటి కుటుంబానికి చిన్న వ్యానే మంచిదని నా అభిప్రాయం. అయితే చిన్నదైనంత మాత్రాన మంచి టూర్ అయిపోదు, అందుకే సమాధానం కాస్త పెద్దదవుతోంది, ఓపిగ్గా చదవండి.

ముందు కేపీ సంగతి తేల్చేద్దాం, వచ్చేవాళ్ల టెన్షన్ అంతా ఎక్కువగా దాని గురించే ఉంటుంది. కేపీ అనేది భూమి అయస్కాంత క్షేత్రంలో ఎంత అలజడి ఉందో భూమి మొత్తానికి కలిపి వేసే లెక్క. వేర్వేరు దేశాల్లో ఉన్న 13 అయస్కాంత పరిశీలన కేంద్రాల కొలతలు తీసుకుని మూడు గంటలకొకసారి 0 నుంచి 9 లోపు ఒక అంకె ఇస్తారు. అరోరా దక్షిణానికి ఎంతవరకు దిగి వస్తుందో అంచనా వేయడానికి అది బాగా పనికొస్తుంది, అంటే జర్మనీలోనో స్కాట్లండ్‌లోనో ఉన్నవాళ్లు దాన్ని చూసుకోవాలి. ట్రొమ్సో ఉన్నది 69.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, అరోరా మామూలుగా ఏర్పడే వలయం ఈ ఊరి మీదుగానో దగ్గర్లోనో పోతుంది, కాబట్టి కేపీ 1 లేదా 2 ఉన్న రాత్రి కూడా ఇక్కడ నడినెత్తిన పచ్చగా కదలడం మామూలే. కేపీ బాగా పెరిగిన రోజు ఆ వలయం దక్షిణానికి జరుగుతుంది, అప్పుడు మేము ఉత్తరం వదిలేసి దక్షిణం వైపు తిరిగి చూస్తాం. 2024 మే 10న వచ్చిన సౌర తుపాను జి5, అంటే అన్నిటికన్నా పై స్థాయిది, 2003 అక్టోబర్ తర్వాత మొదటిసారి ఆ స్థాయికి చేరింది అదే, దక్షిణ యూరప్ దాకా జనం అరోరా చూశారు. ట్రొమ్సోలో మాత్రం మే నెలలో రాత్రి చీకటి పడదు కాబట్టి ఆ తుపాను మాకు ఉపయోగపడలేదు. చీకటి ఉండాలి, మేఘాలు ఉండకూడదు, కేపీ ఆ తర్వాతే. ఫిబ్రవరి మధ్యలో నాలుగింటి ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు, చీకటికి లోటు లేదు.

ఇంకో మాట, వారాల ముందు చూపించే కేపీ అంచనాకి ఉన్న ఆధారం చాలా పలచనిది. మనవైపు నుంచి చూస్తే సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి సుమారు 27 రోజులు పడుతుంది, పోయిన చుట్టులో వేగమైన సౌరగాలిని (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం) వదిలిన భాగం మళ్లీ మనవైపు వస్తుంది కాబట్టి మళ్లీ అలాగే ఉండొచ్చని ఊహిస్తారు, అంతే. నమ్మకంగా చెప్పగలిగేది చివరి గంటలోనే. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపు ఉన్న ఉపగ్రహాలు సౌరగాలిని కొలుస్తాయి, ఆ గాలి మన దగ్గరకు రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందులో బీజెడ్ అనే విలువ మైనస్‌లోకి వెళ్లి అలాగే నిలబడితే, అంటే సౌరగాలితో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగితే, కాసేపట్లో ఆకాశంలో అరోరా మొదలవుతుంది. మంచి గైడ్ కళ్లు కేపీ మీద కన్నా దీని మీదే ఎక్కువగా ఉంటాయి.

ఇక మేఘాల విషయం, మీరు డబ్బు పెట్టేది నిజానికి దీనికే. మీకు కనిపించే పచ్చటి అరోరా సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువుల నుంచి వస్తుంది, మేఘాలు పది కిలోమీటర్ల లోపే ఉంటాయి. అంత ఎత్తున జరిగేది వంద కిలోమీటర్ల అవతలి లోయలోంచి చూసినా దాదాపు అలాగే కనిపిస్తుంది, మారేదల్లా మధ్యలో మేఘం ఉందా లేదా అన్నదే. వ్యాన్ వేసుకుని రాత్రంతా మేము వెతికేది ఆ మేఘాల్లో సందు. ట్రొమ్సో సముద్రం పక్కన ఉంది, వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ఇంత ఉత్తరాన ఉన్నా ఫిబ్రవరి సగటు మైనస్ నాలుగు దగ్గరే ఉంటుంది, దానితోపాటు తేమ, మంచు, మేఘాలు కూడా వస్తాయి. గాలి పడమటి నుంచి వీస్తే తీరమంతా కప్పేస్తుంది, అప్పుడు లింగెన్ పర్వతాల అవతలకి, స్కిబోట్న్ లోయ వైపు పోతాం, ఆ కొండలు తేమని ముందే పిండేస్తాయి కాబట్టి అక్కడ ఆకాశం చాలాసార్లు విచ్చుకుని ఉంటుంది. అక్కడా మూసుకుపోతే ఈ8 రోడ్డు పట్టుకుని సరిహద్దు దాటి ఫిన్లాండ్‌లోని కిల్పిస్‌యార్వి దాకా వెళ్తాం, ట్రొమ్సో నుంచి సుమారు 160 కిలోమీటర్లు, మంచు రోడ్డు మీద రెండున్నర గంటలు తేలిగ్గా పడుతుంది. గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వస్తే కథ తిరగబడుతుంది, లోపల మబ్బు పట్టి తీరంలో తేటగా ఉండొచ్చు, అలాంటప్పుడు ఫిన్లాండ్ వెళ్లడం దండగ, క్వాలోయా ద్వీపం మీదుగా సొమ్మారోయ్ వైపు నలభై నిమిషాలో గంటో వెళ్తే చాలు, చలి కూడా తక్కువ. ఇది తెలిసిన గైడ్ సాయంత్రం నాలుగింటికే కింది మేఘం, మధ్య మేఘం, పై మేఘం వేరువేరుగా చూసుకుని దారి ఖరారు చేసుకుంటారు. పైనున్న పలచటి మేఘంలోంచి అరోరా కనిపిస్తుంది, కింది దట్టమైన మేఘంలోంచి కనిపించదు, కాబట్టి మొత్తం మేఘం 80 శాతం అన్న ఒక్క అంకె చూసి ఆ రాత్రి పోయిందనుకోకండి.

చిన్న వ్యాన్ లాభం ఇక్కడే తెలుస్తుంది. యాభై మంది బస్సు ఆగాలంటే పెద్ద పార్కింగ్ స్థలం కావాలి, అలాంటివి ఈ రోడ్ల మీద కొన్నే ఉంటాయి, అక్కడే నాలుగైదు బస్సులు చేరతాయి, వాటి హెడ్‌లైట్లు, జనం ఫోన్ల వెలుగు, ఆకాశం బాగున్నా చీకటి మిగలదు. వ్యాన్ అయితే రెండు కార్లు పట్టే చోట కూడా ఆగుతుంది. ఆగిన చోట పైన మేఘం మూస్తే ఎనిమిది మందినీ ఐదు నిమిషాల్లో ఎక్కించుకుని ఇరవై కిలోమీటర్లు ముందుకు పోవచ్చు, యాభై మందిని మంచులోంచి పిలిచి లెక్కపెట్టి ఎక్కించేసరికి పావుగంట పైనే అవుతుంది, అరోరా ఉధృతంగా ఆడే ఘట్టం కొన్నిసార్లు అంతసేపు కూడా ఉండదు. అయినా పెద్ద బస్సును నేను తీసిపారేయను. ప్రాంతమంతా ఆకాశం తేటగా ఉన్న రాత్రి బస్సు వాళ్లూ అదే అరోరా చూస్తారు, వెయ్యి నార్వే క్రోనర్ల చుట్టుపక్కలతో పని అయిపోతుంది, కొన్ని బస్సుల్లో టాయిలెట్ ఉంటుంది, కొందరు వేడి గుడారాలున్న క్యాంపుకి తీసుకెళ్తారు. పైగా చివరి నిమిషంలో సీటు దొరికే అవకాశం బస్సులోనే ఎక్కువ. దాన్ని రెండో ప్రయత్నానికి ఉంచుకోండి.

బుక్ చేసే ముందు ఈమెయిల్ పెట్టి కొన్ని విషయాలు అడగండి, జవాబు ఎలా వస్తుందన్నదే సగం సంగతి చెప్పేస్తుంది. చిన్న గ్రూప్ అంటే గరిష్ఠంగా ఎంతమంది అని అడగండి, ఒకరికి అది ఎనిమిది, ఇంకొకరికి పదహారు. పదహారు మందికి ఒకే మనిషి డ్రైవరూ, గైడూ, ఫొటోగ్రాఫరూ, మంట వేసే మనిషీ అయితే మీ పాప బూట్లు సరిచేయడానికి కూడా తీరిక దొరకదు, అంతమంది ఉంటే ఇద్దరు సిబ్బంది ఉండాలి. అవసరమైతే ఫిన్లాండ్ దాకా వెళ్తారా, లేక ఇన్ని కిలోమీటర్లే అని హద్దు ఉందా? రాత్రికి ఎన్ని గంటలు? ఎటు చూసినా ఆశ లేని వాతావరణం ఉంటే టూర్ రద్దు చేసి డబ్బు వెనక్కిస్తారా, లేక ఎలాగైనా బయల్దేరతారా? ఈ ఆఖరి ప్రశ్నకు సూటిగా సమాధానం ఇచ్చేవాళ్లని నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే వాళ్లు ఒక రాత్రి ఆదాయం పోగొట్టుకోవడానికి సిద్ధపడుతున్నారు.

లైసెన్సు విషయం మొహమాటపడకుండా అడగండి. నార్వేలో డబ్బు తీసుకుని జనాన్ని తిప్పాలంటే సంస్థకు ప్రయాణికుల రవాణా అనుమతి ఉండాలి, డ్రైవర్ దగ్గర కూడా అందుకు తగ్గ అనుమతి ఉండాలి. సోషల్ మీడియాలో పరిచయమై సొంత కారులో తక్కువకి తీసుకెళ్తామనే వాళ్లు ప్రతి చలికాలం కనిపిస్తారు. వాళ్లలో మంచివాళ్లు ఉండొచ్చు, కాని అనుమతి లేని కారు ప్రమాదానికి గురైతే బీమా విషయంలో మీరు ఇరుక్కుంటారు. రాత్రి పదకొండు గంటలకి, మైనస్ ఇరవైలో, మంచు మీద, దుప్పులు అడ్డొచ్చే రోడ్డులో మీ అమ్మగారూ పాపా ఉన్న బండి ఎవరు నడుపుతున్నారన్నది డబ్బు ఆదా చేసుకోవాల్సిన చోటు కానే కాదు. ఇనుప మేకులున్న చలికాలపు టైర్లు ఉన్నాయా, అందరికీ రిఫ్లెక్టర్ జాకెట్లు ఇస్తారా అని కూడా అడగండి. చీకటి రోడ్డు పక్కన నల్ల కోట్లు వేసుకుని నిలబడే జనాన్ని లారీ డ్రైవర్లు చివరి క్షణం దాకా చూడలేరు.

గ్యారంటీ అని రాసి ఉంటే దాని కింద ఉన్న షరతులు చదవండి. ఆకాశం ఎవరి చేతిలోనూ లేదు, ఆ మాటకి అర్థం ఎక్కువగా కనిపించకపోతే ఇంకోసారి ఉచితంగానో తగ్గింపు ధరకో తీసుకెళ్తామని. సీటు ఖాళీగా ఉంటేనే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫిబ్రవరిలో వ్యాన్లలో సీట్లు ఖాళీగా ఉండవు. ఏది కనిపించినట్టు లెక్క అన్నది కూడా వాళ్లే నిర్ణయిస్తారు, కెమెరాలో మాత్రమే పచ్చగా పడిన మసక గీతని కూడా కొందరు లెక్కలో వేసేస్తారు.

ఏ రాత్రికి బుక్ చేయాలంటే, దిగిన రోజు వద్దు. ఫిబ్రవరి మంచు తుపాన్లకి ట్రొమ్సో విమానాలు ఆలస్యమవడం మామూలే, పైగా ప్రయాణ బడలికతో తెల్లవారుజాము రెండింటి దాకా పాప నిలబడలేదు. రెండో రాత్రికి వ్యాన్ బుక్ చేసుకోండి, మూడు, నాలుగు ఖాళీగా ఉంచుకోండి. మేఘాల అంచనా రెండు మూడు రోజుల ముందు నుంచే పనికొస్తుంది, కాని అప్పటిదాకా ఆగితే మంచి వ్యాన్లు నిండిపోతాయి, కాబట్టి ముందే బుక్ చేయక తప్పదు. రెండో రాత్రి చూసేశారా, మిగతావి హాయిగా గడపండి. చూడలేదా, నార్వే వాతావరణ శాఖ వాళ్ల వైఆర్ యాప్‌లో ట్రొమ్సో, స్కిబోట్న్, సొమ్మారోయ్, కిల్పిస్‌యార్వి నాలుగూ పెట్టుకుని పోల్చి చూడండి, ఎక్కడో ఒకచోట తేటగా ఉన్న రాత్రికి బస్సులో సీటు పట్టండి. ఆఖరి రాత్రికి ఒక్కటే టూర్ పెట్టుకుని వచ్చేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ రాత్రి మబ్బు పడితే మేము చేయగలిగింది ఏమీ ఉండదు.

అమ్మగారి గురించి. టూర్ ఆరు నుంచి ఎనిమిది గంటలు సాగుతుంది, సాయంత్రం ఆరింటికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి ఒంటి గంటో రెండో అవుతుంది. అందులో ఎక్కువ భాగం కూర్చోవడమే, టాయిలెట్ దొరికేది దారిలో తెరిచి ఉన్న పెట్రోల్ బంకు దగ్గరే. ఆ తర్వాత ఎక్కడ ఆపుతారో ముందే గైడ్‌ని అడిగి తెలుసుకోండి, వాళ్లకి ఇది రోజూ వినే ప్రశ్నే, ఏమీ అనుకోరు. మోకాళ్ల నొప్పులుంటే వ్యాన్‌లో ముందు వరుస సీటు కావాలని బుకింగ్‌లోనే రాయండి. బూట్లకి కింద తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు ట్రొమ్సోలో దొరుకుతాయి, దిగిన రోజే ఆవిడకి కొనండి, టూర్‌లోనే కాదు ఊళ్లో కాలిబాటల మీద కూడా అవి కావాలి. పాప విషయానికొస్తే, కొన్ని సంస్థలు కనీస వయసు పెడతాయి, అది చూసుకోండి. 135 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకి నార్వేలో చైల్డ్ సీటు తప్పనిసరి, కాబట్టి పాప ఎత్తు ముందే రాసి పంపండి, లేకపోతే ఆ సాయంత్రం హడావుడి అవుతుంది. వ్యాన్‌లో నిద్రపోతే పోనివ్వండి, అరోరా మొదలవగానే లేపితే చాలు. నలుగురికీ పాస్‌పోర్టులు వెంట ఉండాలి, సరిహద్దు దగ్గర మామూలుగా ఆపరు కాని వెళ్లేది వేరే దేశం.

బట్టల గురించి చాలామంది ట్రొమ్సో ఉష్ణోగ్రత చూసి సర్దుకుంటారు, స్కిబోట్న్ లోయలో మైనస్ ఇరవై, ఒక్కోసారి అంతకన్నా కిందకి పోతుంది, అక్కడ కదలకుండా గంటసేపు నిలబడాలి. టూర్ వాళ్లు పైన వేసుకునే థర్మల్ సూట్ ఇస్తారు, చాలామంది బూట్లు కూడా ఇస్తారు, కాని ఒంటికి తగిలే పొర మాత్రం మీరే తెచ్చుకోవాలి. అది ఉన్నిదై ఉండాలి, కాటన్ వద్దు, చెమట పడితే ఆరదు, తర్వాత చలి పట్టుకుంటే వదలదు. సాక్సులు మూడు జతలు బిగించి తొడిగితే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి, ఒక మందపాటి ఉన్ని జత, కాస్త వదులు బూటు చాలు. చేతికి పలచటి గ్లవుజు, దాని మీద మందపాటిది. పాపకి చలేస్తోందో లేదో మీరే అప్పుడప్పుడు చెయ్యి పట్టి చూడండి, ఆకాశం చూస్తూ పిల్లలు చెప్పడం మర్చిపోతారు.

ఫొటోల మీద పెద్దగా శ్రమ పెట్టకండి, చిన్న గ్రూప్‌లో గైడ్ అందరికీ తీసి పంపుతారు, మీరు చేయాల్సిందల్లా నాలుగైదు సెకన్లు కదలకుండా నిలబడటం. ఫోన్ అయితే నైట్ మోడ్, కచ్చితంగా ట్రైపాడ్, ఫ్లాష్ ఆఫ్. కెమెరా ఉంటే ఐఎస్ఓ 1600 నుంచి 3200, లెన్స్ వీలైనంత తెరిచి, ఐదు నుంచి పది సెకన్లు, ఫోకస్ ఏదైనా నక్షత్రం మీద చేత్తో పెట్టుకోండి, అదనపు బ్యాటరీ లోపలి జేబులో ఉంచుకోండి. కాని కళ్లకి కనిపించేదాని గురించి ముందే తెలుసుకుని రండి, ఫొటోల్లో చూసిన రంగులే ఆశిస్తే మొదటి అరగంట నిరాశ కలుగుతుంది. మసక వెలుతురులో మన కన్ను రంగుల్ని సరిగ్గా పట్టలేదు కాబట్టి బలహీనంగా ఉన్న అరోరా పలచటి పొగ చారలా బూడిద తెలుపులో ఉంటుంది, చాలామంది దాన్ని మేఘం అనుకుని వ్యాన్‌లోకి వెళ్లిపోతారు. బలపడ్డాక ఆకుపచ్చ స్పష్టంగా తెలుస్తుంది, బాగా ఉధృతమైతే కింది అంచున గులాబీ రంగు కూడా కంటికే కనిపిస్తుంది, అది నైట్రోజన్ వల్ల. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర వెలిగిస్తే మళ్లీ మొదటికి. పక్కవాళ్లకీ అంతే, అందుకే టార్చ్ కావాలంటే ఎర్ర లైటు వాడండి.

ఎదురుచూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మామూలుగా ముందు తూర్పు పడమరలుగా ఒక నిశ్శబ్దమైన పట్టీ వస్తుంది, చాలాసేపు ఏమీ చేయకుండా అలాగే ఉంటుంది, తర్వాత ఉన్నట్టుండి దాని అంచు వెలిగి, మెలికలు తిరిగి, ఆకాశమంతా పాకుతుంది. ఆ ఉధృతి కొన్ని నిమిషాలే ఉండొచ్చు. అది చల్లారాక పెద్ద పెద్ద మసక మచ్చలు వెలుగుతూ ఆరుతూ మిగులుతాయి, వాటిని చూడకుండానే జనం బండెక్కేస్తారు. మళ్లీ మొదలవుతుందా, ఆగుదామా అని గైడ్‌ని అడగండి, ఎనిమిది మంది ఉన్న వ్యాన్‌లో అందరూ సరేనంటే ఇంకో అరగంట ఆగే వీలుంటుంది. అమ్మగారు అలసిపోతే ఆవిడని ఇంజిన్ వేడి ఉన్న వ్యాన్‌లో కూర్చోబెట్టండి, లోపలి లైటు మాత్రం ఆర్పించండి.

కారు అద్దెకి తీసుకుని మనమే వెళ్తే అన్నది మీరు అడగలేదు కాని, ఆ ఆలోచన ఉంటే మంచు రోడ్ల మీద నడిపిన అలవాటు లేకుండా వద్దు. రోడ్డు మీద కారు ఆపి ఆకాశం చూడటం ఇక్కడ ప్రమాదాలకి దారితీస్తుంది. ఖాళీగా ఉంచుకున్న రాత్రుల్లో పైన తేటగా ఉంటే ఊళ్లోనే ట్రొమ్సో ద్వీపం మీద ఉన్న ప్రెస్ట్‌వానెట్ చెరువు దగ్గరకి వెళ్లండి, చుట్టూ వీధి దీపాలు తక్కువ, అమ్మగారికి చలేస్తే పది నిమిషాల్లో టాక్సీలో హోటల్‌కి చేరొచ్చు. లేదంటే కేబుల్ కారు ఎక్కి 421 మీటర్ల స్టోర్‌స్టైనెన్ కొండ మీదకి పోవచ్చు, పైన వెచ్చగా కూర్చునే కెఫే ఉంది, గాలి ఎక్కువైతే కేబుల్ కారు ఆపేస్తారు కాబట్టి బయల్దేరే ముందు వాళ్ల సైట్ చూసుకోండి.